సన్యాసినాయుడి నీళ్ళలాగు

నేను ఒక రబ్బరు లాగుని. బూట్లు నా కాళ్ళకే అతికి ఉంటాయి, పై అంచు మనిషి రొమ్ముదాకా వస్తుంది, భుజాల మీద రెండు పట్టీలు నన్ను పట్టుకుంటాయి. నడుంలోతు నీళ్ళలో నిలబడి గాలం వేసేవాళ్ళ కోసం నన్ను తయారుచేశారు. దుకాణాల్లో నన్ను వేడర్స్ అంటారు. నన్ను కొన్న సన్యాసినాయుడికి ఆ మాట నోరు తిరగలేదు. ఆయన భార్య నూకరత్నం ‘నీళ్ళలాగు’ అంది. ఆ ఇంట్లో ఆ పేరే నిలిచింది.

చెన్నై అవతల ఒక ఫ్యాక్టరీలో నా అతుకులు వేశారు. నాలోకి గాలి నింపి, తొట్టెలో ముంచి, ఎక్కడా బుడగ రాలేదని చూసి లారీ ఎక్కించారు. నా చదువు అక్కడితో పూర్తి. బయటి నీళ్ళని లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే నాకు తెలిసిన పని. వెచ్చదనం నా దగ్గర లేదు. చలికాలం నదిలోకి దిగేవాడు దాన్ని తనే తెచ్చుకోవాలి, ఒంటికి ఉన్ని, కాళ్ళకి ఉన్ని. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకి ఎక్కదు. నన్ను తొడుక్కుంటే చాలు, చలీ నదీ చేపలూ అన్నీ తమకి లొంగిపోతాయనుకుంటారు.

విశాఖపట్నం చేపలరేవు దగ్గర వలలూ తాళ్ళూ అమ్మే దుకాణంలో కొన్నాళ్ళు వేలాడాను. నా ఒంటినిండా ఆకుల బొమ్మలుంటాయి, సైనికుల బట్టల మీద ఉన్నట్టు. నీళ్ళలో ఉన్న చేప పైనున్న ఆకుల్ని చూసి మోసపోతుందని ఎవరికి తోచిందో, ఆ మహానుభావుడికి ఒక దండం. నా పక్కనే బూడిదరంగు లాగు ఒకటి ఉండేది. వదులుగా, మోకాళ్ళ దగ్గర చోటుతో, రాళ్ళ మీద జారకుండా అరికాళ్ళకి మందపాటి ఉన్నిపొరతో. దాన్ని ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు.

సన్యాసినాయుడు అపార్టుమెంట్లు కట్టే మనిషి. ఆయనకి కాలేజీ రోజుల నుంచి దేముడుబాబు అని ఒక స్నేహితుడున్నాడు. స్నేహం అనే మాట వాళ్ళు వాడేది. నేను చూసినంతవరకు అది పోటీ. ఒకడు మీసం పెంచితే రెండోవాడు గడ్డం పెంచాడు. ఒకడు మేడ మీద మేడ వేస్తే రెండోవాడు తన మేడ మీద ఇంకో గది కూడా వేశాడు. ఆ శీతాకాలం దేముడుబాబు సీలేరు నదికి వెళ్ళి, మోచేతి పొడవు చేపని పట్టుకుని, దాంతో ఫోటో దిగి అందరికీ పంపాడు. అది చూసిన దగ్గర్నుంచి సన్యాసినాయుడికి అన్నం సహించలేదు.

భార్యతో కలిసి దుకాణానికి వచ్చాడు. బూడిదరంగు లాగుని పక్కకి తోసి నన్ను పట్టుకున్నాడు.

“ఇదీ! దీన్లో ఒక దర్జా ఉంది.”

“సార్ కోసమే చేసినట్టుంది,” అన్నాడు దుకాణదారు. ముందురోజు ఒకాయనకి లంగరు అమ్ముతూ కూడా ఆ మాటే అన్నాడు.

తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. పిక్కల దగ్గర నేను బిర్రుగా పట్టేశాను. నూకరత్నం చుట్టూ తిరిగి చూసింది.

“ఏమండీ, ఉన్ని మేజోళ్ళు వేసుకుని చూడండి. ఒకసారి గొంతుక్కూర్చోండి. మోకాలు మడతపడుతుందో లేదో.”

“గొంతుక్కూర్చోడానికి నేనేటి, బంతి భోజనానికెళ్తున్నానా? నదిలో నిలబడతాను.”

దుకాణదారు నడుంబెల్టు తెచ్చి కట్టాడు. “పడితే నీళ్ళు కాళ్ళలోకి దిగకుండా ఆపుద్ది సార్.”

“ఎవడు పడతాడయ్యా?” అని అద్దంలో చూసుకున్నాడు. “పొట్ట రెండు ముక్కలుగా కనబడుతోంది. తీసెయ్.”

బెల్టు అక్కడే ఉండిపోయింది. నల్లకళ్ళద్దాలు, ఒళ్ళంతా జేబులున్న చొక్కా, దుకాణంలోకెల్లా పొడవైన గాలపుకర్ర మాత్రం కారెక్కాయి. లోపల వేసుకోవడానికి ఆయన ఎంచుకున్నవి జీన్సు ప్యాంటు, నూలు మేజోళ్ళు. ఉన్నివి వేసుకుంటే కాళ్ళు నాలో పట్టలేదు మరి. నూలుబట్ట చెమటని పీల్చుకుని చల్లబడి, ఇక మనిషిని వదలదు. తుఫాన్లు చూసిన ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి తడిబట్ట చల్లగా ఉంటుందని తెలియకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సీలేరు చేరేసరికి తెల్లారింది. పొగమంచులో అవతలి గట్టు కనబడలేదు. దేముడుబాబు అప్పటికే ఒడ్డున ఉన్నాడు, మోకాళ్ళదాకా పాత బూట్లు, మంకీక్యాపు, భార్య అల్లిన లావుపాటి స్వెట్టరు వేసుకుని. నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏట్రా ఇది? చేపలకొచ్చావా, యుద్ధానికొచ్చావా?”

“సాయంత్రం నీకే తెలుస్తుంది,” అన్నాడు సన్యాసినాయుడు.

నూకరత్నం ఒడ్డున రాయి మీద కూర్చుని కత్తిపీట బదులు తెచ్చిన పెద్ద చాకునీ, నూరిన మసాలానీ బయటికి తీసింది. చేప నదిలోనే ఉంది, మసాలా సిద్ధంగా ఉంది. మనుషుల ధీమా అలాంటిది.

దిగాడు. నా పని నేను చేశాను, ఒక్క చుక్క రానివ్వలేదు. కానీ చలి నన్ను అడిగి రాదు. బిగుసుకున్న బూట్లలో ఆయన వేళ్ళు కాసేపటికే మొద్దుబారాయి. కింద ఉన్నది రాయో ఇసుకో పాదాలకి తెలియడం మానేసింది. ఆ మనిషి వణుకు నాకు తెలుస్తోంది. బయటికి మాత్రం, “ఆహా, ఏం హాయిరా!” అంటున్నాడు.

అప్పుడే దేముడుబాబు ఒడ్డు నుంచే ఒక చేప పట్టాడు. జానెడుంటుందేమో. “చూడ్రా!” అని ఎత్తి చూపించాడు.

అంతే, సన్యాసినాయుడు లోతుకి నడిచాడు. “ఏమండీ, చాలండీ!” అని నూకరత్నం అరుస్తూనే ఉంది. పాచిపట్టిన బండ మీద కాలు పెట్టాడు. నా అరికాలు నున్నటి రబ్బరు. జారింది.

నా పై అంచు నీళ్ళలో మునిగింది. నడుం దగ్గర ఆపేది ఏదీ లేదు. నది నేరుగా నా పాదాలదాకా దిగింది. నిండిన లాగు మనిషిని అడుక్కి ఈడుస్తుందని భయపెడతారుగానీ అది నిజం కాదు. నీళ్ళలో ఉన్నంతసేపూ నీళ్ళకి బరువు లేదు. లేచి నిలబడాలంటేనే ఆ బరువంతా మీదకి వస్తుంది. ఆయన లేవబోయాడు. మోకాలు మడతపడలేదు. మళ్ళీ పడ్డాడు. ప్రవాహం దిగువ బండలకేసి నెడుతోంది.

దేముడుబాబు పగలబడి నవ్వుతూ ఫోన్లో వీడియో తీస్తున్నాడు. “లేవరా, సైనికుడా!” అన్నాడు. సన్యాసినాయుడి తల మునిగి తేలి మళ్ళీ మునిగింది. నవ్వు ఆగింది. ఫోను చేతిలోంచి ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా దేముడుబాబు నదిలోకి దూకాడు.

నా పట్టీ దొరకబుచ్చుకుని గట్టుదాకా లాగాడు. ఇక పైకి లేవదీయడం ఆయన వల్ల కాలేదు. ఒక మనిషీ, రెండు కాళ్ళనిండా నదీ. ఆ పట్టు జారిపోతోంది.

“అన్నయ్యా, వదలకండి!” అంటూ నూకరత్నం నడుంలోతు దిగింది. చేతిలో చాకుంది. నా ఎడమ మోకాలి కింద గుచ్చి మడమదాకా చీల్చింది, తర్వాత కుడి కాలు. నీళ్ళు భళ్ళున దూకాయి. నేను ఖాళీ అయ్యాను, ఆయన తేలికయ్యాడు, ఇద్దరూ కలిసి గట్టు మీదకి ఈడ్చారు.

పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. తడి జీన్సు ఊడదీసి, కారులో ఉన్న దుప్పటి చుట్టి, పుల్లలు పోగేసి మంట పెట్టారు. ఎంతోసేపటికి ఆయనకి మాట వచ్చింది.

“ఒరే… నీ ఫోనేదిరా?”

“నదిలో.”

“అయితే వీడియో లేదన్నమాట.” ఆ మొహంలో కనబడిన తృప్తి చూడాల్సింది. చావు అంచుదాకా వెళ్ళి వచ్చినవాడి మొదటి చింత అది.

నూకరత్నం అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాట విన్నాక ఏడ్చింది.

తర్వాతి ఆదివారం స్నేహితులంతా వాళ్ళింట్లో చేరారు. నేను వరండాలో దండెం మీద ఆరుతున్నాను. సన్యాసినాయుడు కథ ఎత్తుకున్నాడు. మనిషంత చేపట, గాలాన్ని పట్టి నది మధ్యకి ఈడ్చుకుపోయిందట, ఆయన వదల్లేదట, దాని పోట్లాటలో నా కాళ్ళు చిరిగాయట. అందరూ దేముడుబాబు వైపు తిరిగారు. ఆయన నోరు విప్పితే సన్యాసినాయుడు ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇన్నేళ్ళుగా ఇలాంటి అవకాశం కోసమే కాచుకున్న మనిషి.

దేముడుబాబు టీ గ్లాసు కింద పెట్టాడు. “అవును. నేను చూశాను. మామూలు చేప కాదది,” అన్నాడు.

అందరూ వెళ్ళాక సన్యాసినాయుడు అడిగాడు. “ఎందుకురా అలా చెప్పావు?”

“నేను నవ్వుతుంటే నువ్వు మునిగిపోతున్నావురా. చేతిలోంచి నీ పట్టీ జారుతున్నప్పుడు అనిపించింది… నువ్వు లేకపోతే ఇక నేను ఎవడి మీద గెలవాలి?”

సన్యాసినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ అబద్ధాలకోరులే. అయినా ఆ క్షణంలో వాళ్ళని తిట్టడానికి నాకు మాట దొరకలేదు. అది నా లోపమే అయ్యుంటుంది.

మరుసటి చలికాలం ఆ బూడిదరంగు లాగుని కొన్నారట. దుకాణంలో అందరి ముందూ ఉన్ని మేజోళ్ళతో గొంతుక్కూర్చుని మరీ చూసుకున్నాడట. నూకరత్నం తన కోసం కూడా ఒకటి తీసుకుంది. నదిలో ఆ దంపతులకి ఏం పడిందో నాకు తెలియదు, నన్నెవరూ తీసుకెళ్ళలేదు.

నేను అనకాపల్లి దగ్గర వాళ్ళ పొలంలో ఉన్నాను. కాళ్ళ చీలికలు తాడుతో బిగించి, లోపల ఎండుగడ్డి కూరి, వెదురుకర్రకి కట్టి జొన్నచేను మధ్య నిలబెట్టారు, పిట్టల్ని బెదిరించమని. దూరం నుంచి చూసి దారినపోయేవాళ్ళు “ఏమండోయ్!” అని పలకరిస్తారు. నేను పలక్కపోతే పొగరనుకుని వెళ్ళిపోతారు. పిట్టలు అలా కాదు. లోపల మనిషి లేడని వాటికి మొదటిరోజే తెలిసిపోయింది. అందుకే నా భుజం మీద నిశ్చింతగా కూర్చుంటాయి.