వంటిల్లు, వంటిల్లు రెండు

లైట్లావిడ ఏ ఇంటికి వెళ్ళినా ముందు అడిగే ప్రశ్న ఒకటే. "మీ ఇంట్లో బల్బులెన్నండీ?" ఇంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి ఏడంటారు. ఫోన్ తెరిస్తే పద్నాలుగు కనిపిస్తాయి. హాలు, హాలు రెండు. వంటిల్లు, వంటిల్లు రెండు. ఒక్కో బల్బుకి రెండేసి పేర్లు. ఒకటి ఆర్పితే రెండోది నేనింకా వెలుగుతున్నానంటుంది. నువ్వు వేశావంటే నువ్వు వేశావని మొగుడూ పెళ్ళాం వాదులాడుకుని అలిసిపోయాక ఆవిడకి కబురు పెడతారు.

ఆవిడ విసుక్కోదు. ఇరవయ్యేళ్ళు ఫ్యూజులు మార్చిన మనిషి, ఇప్పుడు ఫోన్ మీద వేలితో అదే పని చేస్తోంది. "దీపం ఒక్కటేనండీ, దారులు రెండు. ఒక దారి ఎక్కడో కంపెనీవాళ్ళ కంప్యూటరు దాకా పోయి తిరిగొస్తుంది. క్లౌడ్ అంటారే, అది. రెండోది ఇదిగో, అల్మరా మీద చిన్న పెట్టె. ఇది గడప దాటదు. రెండూ ఉంటే రెండూ పెత్తనం చేస్తాయి. ఒకటి తీసెయ్యాలి."

అయితే వెంటనే తీసెయ్యదు. ముందు ఒక రోజు ఆపి ఉంచుతుంది. ఎవరూ వెతుక్కోకపోతే మర్నాడు వచ్చి తీసేస్తుంది. వెనక ఒకసారి ఆ ఓపిక లేక, ఒక ముసలాయన్ని మందులకి లేపే దీపాన్ని చెరిపేసి నానా మాటలు పడింది.

కళ్ళజోళ్ళ షాపాయన కూతురు ఆవిడని పిలిచింది బుధవారం మధ్యాహ్నం. ఆ అమ్మాయి ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. సాయంత్రం డ్యూటీకి తయారై, భుజాన సంచీతో గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"పది కొట్టగానే హాల్లో లైటు దానంతటది ఆరిపోతుందండీ. నేను పుస్తకం చదువుతున్నా సరే. అమ్మ పదింటికి పడుకునేది కదా, అందుకు. పొద్దున ఐదింటికి వంటింట్లో వెలుగుతుంది. అమ్మ లేచే టైము. నాకు నిద్ర ఉండట్లేదు."

"అమ్మగారు ఎప్పుడు పోయారు?"

"ఎనిమిది నెలలైంది."

"ఆవిడ ఉన్నన్నాళ్ళూ క్లౌడ్ దారేనా?"

"ఆవిడ ఫోన్లోనే పెట్టుకుంది. ఆ పెట్టె ఆఖర్లో నాన్న తెచ్చింది."

లైట్లావిడ హాలు గోడ వంక చూసింది. పాత దారిన వచ్చే వెలుగులో అక్కడొక నీడ కూర్చుని కూరలు తరుగుతోంది. ఆ బల్బులు ఇంట్లోకి వచ్చాక ఆ ఇల్లాలు సరిగ్గా ఎనిమిది నెలలు బతికింది. పోయిన మర్నాటి నుంచి ఆ ఎనిమిది నెలలూ మొదటి రోజు మొదలుకొని వరసగా గోడ మీదికి రాసాగాయి, ఒక్క రోజూ తప్పకుండా, అప్పుడు దీపం ఎలా వెలిగితే అలా. పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, "జుట్టు కత్తిరించుకున్నాక మొహం కళగా ఉంది," అని నీడకేసి చూసి వెళ్ళిపోయేది.

"క్లౌడ్ దారి కదా, ఆలస్యం మామూలే," అంది లైట్లావిడ. "మూడు సెకన్లు చూశాను, మూడు నిమిషాలు చూశాను. ఎనిమిది నెలలంటే కాస్త ఎక్కువే." పుస్తకంలో రాసుకుంది. ఇల్లాలి ఫోన్ అడిగి తీసుకుని, పాత దీపాలు ఏడింటినీ ఆపి ఉంచింది. గోడ మామూలు గోడైపోయింది.

కళ్ళజోళ్ళాయన కుర్చీలోంచి అంతా చూశాడు. ఏదో అనబోయి, కూతురి వంక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆయన కూతురికి చెప్పని మాట ఒకటుంది. భార్య పోయిన రోజు సాయంత్రం, ఆరు కావడానికి ఇరవై నిమిషాలుండగా, ఆయనకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. షాపులో ఆయన అద్దం అంచు అరగదీస్తున్నాడు. మధ్యలో ఆపితే అద్దం పాడవుతుంది. ఇంటికెళ్ళాక మాట్లాడొచ్చులే అనుకున్నాడు. ఎనిమిదింటికి వచ్చేసరికి వంటిల్లు చీకటిగా ఉంది. స్విచ్ వేశాడు. ఆవిడ నేల మీద ఉంది. తలలో నరం చిట్లింది, క్షణంలో అయిపోయి ఉంటుంది అన్నాడు డాక్టరు. డాక్టర్లు అలాగే అంటారని ఆయన నమ్మకం.

మర్నాడు తన ఫోన్ ఆపేసి సొరుగులో పడేశాడు. షాపుకి వెళ్ళడం మానేశాడు. కూతురు మాత్రం రోజూ పనిలో కాస్త తీరిక దొరగ్గానే ఆయన నంబరు ఒకసారి నొక్కుతుంది. మోగదని తెలుసు. నొక్కి, తర్వాత పక్కింటావిడకి చేసి నాన్న తిన్నాడా అని అడుగుతుంది.

గురువారం నాలుగున్నరకి లైట్లావిడ వచ్చింది. కూతురు డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆయన ఉత్త గోడకి ఎదురుగా, కళ్ళజోడు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరైనా వెతుక్కున్నారాండీ?" అని అడిగింది, అలవాటుగా.

"నేను వెతుక్కున్నాను," అన్నాడు. "ఆవిడవి రెండు సాయంత్రాలే మిగిలాయి నాకు. నిన్నటిది పోయింది. నిన్న గోడ మీద నేను స్టూలెక్కి ఆ పెట్టె పెట్టాలి. ఆవిడ స్టూలు పట్టుకోవాలి. స్విచ్ నొక్కాక మూడంకెలు లెక్కపెడితే గాని వెలగట్లేదని నస పెడుతుంటే తెచ్చాను. లెక్కల టీచరు కదా, నిజంగానే లెక్కపెట్టేది."

లైట్లావిడ సంచీ కింద పెట్టేసింది. ఇరవయ్యేళ్ళలో ఎవరి ఇంట్లోనూ ఇంత నష్టం చెయ్యలేదు. "నిన్ననే చెప్పాల్సింది కదండీ," అంది, కోపంగా కాదు.

అప్పుడాయన నాలుగు ఫోన్ల సంగతీ చెప్పాడు. ఎనిమిది నెలల్లో అది విన్న మొదటి మనిషి ఆవిడే.

"ఇవాళే ఆ రోజు. ఎందుకు చేసిందో చూడాలి. గుండె పట్టుకుని చేసిందా, కిందపడి చేసిందా. చూడకపోతే నేను ఉండలేను. చూశాక ఉండగలనో లేదో కూడా తెలీదు. ఒక్కణ్ణీ చూడలేను. కాసేపు ఉంటారా?"

ఆవిడ పాత దీపాలని మళ్ళీ వెలిగించింది. ఇంకో రెండిళ్ళకి రాలేనని ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరూ చెరో స్టూలు తెచ్చుకుని వంటింట్లో కూర్చున్నారు. అది పక్క మేడ గోడకి ఎదురుగా ఉన్న చిన్న కిటికీ గది, పట్టపగలు కూడా దీపం కావాలి.

ఐదున్నరకి నీడ వచ్చింది. ఏదో కడిగింది, చేతులు తుడుచుకుంది. బాగానే నిలబడి ఉంది. కాసేపటికి దీపం ఆరింది. వెలిగింది. మళ్ళీ ఆరింది. వెలిగేసరికి నీడ నడుం మీద చేతులు పెట్టుకుని తల పైకెత్తి ఉంది.

తర్వాత మోచెయ్యి వంగింది. ఫోన్ చెవి దగ్గరికి వెళ్ళింది. ఆయన స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఒకటి," అన్నాడు.

నీడ చెయ్యి దించింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని వేలితో నొక్కింది. దీపం ఆరి, వెంటనే వెలిగింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ అదే తంతు. రెండోసారి ఫోన్ చెవికి వెళ్ళింది, కాసేపాగి మూడోసారి. ఈసారి ఖాళీ చెయ్యి పైకి లేచి, బల్బు వైపు చూపుడువేలు ఆడించింది. తరగతిలో ఆఖరి బెంచీని నిలదీసినట్టు.

లైట్లావిడ ముందుకి వంగింది. "ఏమండీ, ఇది నేను రోజూ చూసేదే. ఆవిడ ఒకటి ఆర్పుతోంది, మీ పెట్టె వెలిగిస్తోంది. జంట దీపాల గొడవ. ఆవిడకి ఒంట్లో ఏమీ లేదు అప్పటికి. దీపంతో పోట్లాడుతోంది, అంతే."

"అంతేనా?"

"ఫోన్లో వంటిల్లు రెండుసార్లు కనిపించుంటుంది. ఏది తీసెయ్యాలని అడగడానికి చేసింది."

నాలుగోసారి చేసింది. ఎవరూ ఎత్తలేదు. నీడ ఫోన్ ముందుకు పెట్టుకుని, వేలు పైకెత్తి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. రెండింటిలో ఏది చెరిపెయ్యాలో తేల్చుకోలేకపోయింది. వేలు దించేసింది. భుజాలు కదిలాయి. నవ్విందని ఆయనకి తెలిసింది, ముప్ఫై రెండేళ్ళుగా ఎరిగిన నవ్వు. తర్వాత గోడ దగ్గరికి నడిచి స్విచ్ ఆర్పేసింది.

వంటిల్లు చీకటైంది. ఆరు కావడానికింకా ఎనిమిది నిమిషాలుంది.

ఆయన ఏడ్చాడు. గొంతు దాచుకోకుండా, స్టూలు మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చాడు. లైట్లావిడ ఓదార్చలేదు, లేచి పోనూ లేదు.

"ఎత్తుంటే రెండు నిమిషాలు తిట్టేది నన్ను," అన్నాడు చివరికి. "ఆ తిట్లు పోయాయి. పాతది తీసెయ్ అనేవాణ్ణి. తీసేసేది. అప్పుడీ ఎనిమిది నెలల నీడలూ ఉండేవి కావు."

"ఉండేవి కావు," అంది లైట్లావిడ.

"ఎనిమిదింటికి ఈ దీపం మళ్ళీ వెలుగుతుంది కదూ? నేను వచ్చి వేస్తాను."

"అవునండీ. మీ నీడే వస్తుంది."

"వద్దు," అన్నాడు. "ఆవిడ స్విచ్ ఆర్పి వెళ్ళింది. అక్కడితో చాలు."

భార్య ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే తనే చెరిపాడు. తీసెయ్యమంటారా అని ఏడుసార్లు అడిగింది ఫోన్. ఏడుసార్లూ ఒప్పుకున్నాడు. వంటింటిది ఆఖరికి ఉంచుకున్నాడు. లైట్లావిడ పెట్టె దారిన దీపం వేసింది. లెక్క పెట్టకుండానే వెలిగింది. గోడ మీద ఇద్దరి నీడలే ఉన్నాయి.

ఆయన లేచి సొరుగులోంచి తన ఫోన్ తీశాడు. చార్జింగుకి పెట్టి ఎంతోసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది తెరుచుకున్న పది నిమిషాలకి మోగింది. రెండో మోత పడనివ్వలేదు.

అవతల కూతురు.

"నాన్నా?" అంది. "ఎత్తావేంటి?"

"నువ్వు చేశావుగా."

"ఏం లేదు నాన్నా. ఊరికే చేశాను."

లైట్లావిడ సంచీ తీసుకుని చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది. ఆయన వంటింటి దీపం కింద స్టూలు మీద కూర్చుంటూ, "ఊరికే చేసినా సరే, చెప్పమ్మా," అంటున్నాడు. "అమ్మ కూడా ఆ రోజు ఊరికే చేసింది. వచ్చాక చెబుతాను. ముందు నువ్వు చెప్పు."