గుమస్తా ఇచ్చిన సంచి

అడుగున ఉన్నది కనబడలేదని చెబితే అబద్ధం కాదు. కనబడకుండా దాన్ని అడుగున పెట్టింది తనే కాబట్టి పూర్తి నిజమూ కాదు. పశువుల పంటి ఆసుపత్రిలో ఫ్రీజరు చూసుకునే అతను తలుపు తెరిచి అలాగే నిలబడ్డాడు. లోపల ప్లాస్మా సంచులు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల రక్తం నుంచి తీసి దాచినవి. పన్ను పీకాక నెత్తురు ఆగని కుక్కకి అవే ఆధారం. ముందు వచ్చింది ముందు వాడాలన్న నియమం అతను పెట్టిందే.

అన్నిటికంటే పాతది గుమస్తాది. గుమస్తా అంటే అతని కుక్క. వచ్చేపోయేవాళ్ళని గుమ్మంలో కూర్చుని తనిఖీ చేసేవాడు కాబట్టి ఆ పేరు. రక్తం తీసే సూది చూడగానే మెడ తనే చాచేవాడు. ఒంటరివాడైన అతన్ని వేళకి ఇంటికి రప్పించింది వాడొక్కడే. వానలు మొదలయ్యాక పోయాడు. అప్పటినుంచీ కొత్త సంచి వచ్చినప్పుడల్లా అతను వాడిదాన్ని కిందికి నెడుతూ వచ్చాడు. ఈ వారంతో దాని గడువు సరి. ఆపైన పారెయ్యడమే. పైనున్నది తీసినా రోగికి తేడా ఉండదు. తేడా అంతా గుమస్తాకే.

"ఏమయ్యా, ఫ్రీజర్లో కాపురం పెట్టావా?" లోపలినుంచి డాక్టరమ్మ కేకేసింది. "గాయం అదిమిపట్టుకుని కూచున్నా, ఒకటి కరిగించి తే!"

గుమ్మం దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. లోపల బల్ల మీద ఉన్నది ఆమె కుక్క, రౌడీ.

"అన్నా, మావాడికేం కాదుగా?"

"మా గుమస్తా చెవి కొరికింది వీడే కదమ్మా?"

"వీడే, వెధవ. ఇంక కొరకడానికి పళ్ళెక్కడివిలే."

అతనికి నవ్వొచ్చింది. ఆమె కూడా ఏడుపు మధ్యలోనే నవ్వేసి, గొంతు తగ్గించింది. "మీవాడు ఊరికే ఉన్నాడన్నా ఆ రోజు. తిరిగి ఒక్క పంటిగాటు పెట్టలేదు. ఎంత మంచివాడో!"

వాడు పోయాక వాడి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. తనూ ఎవరితోనూ అనలేదు. అదే మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఈవిడకి ఏదో చెప్పబోయి ఫ్రీజరు వైపు తిరిగాడు. గుమస్తాకైతే రోజూ మనసులో చెబుతూనే ఉన్నాడు. వాడు ఇచ్చినదాన్ని మాత్రం ఎవరికీ అందనివ్వలేదు.

పై సంచుల్ని పక్కకి జరిపాడు. అడుగునున్నదాన్ని తీసి గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలోకి దింపి, అది తేలిపోకుండా అరచెయ్యి ఆనించి మెల్లగా పట్టుకున్నాడు, సూదికి ముందు వాడి మెడ పట్టుకున్నట్టే.