మూడో రాకుమారి

దర్శి, పొదిలి చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకం ఆడేటప్పుడు ఒక పాత్రకి ఒక్కరే వేషం కట్టడమంటే పరమ పిసినారితనం కింద లెక్క. ఊళ్ళో సరదా ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉంటే వేషాలు నాలుగే ఉంటాయాయె! అందుకని ఒకటో రాజు, రెండో రాజు, ఒకటో రాకుమారి, రెండో రాకుమారి అంటూ పాత్రని వాటాలు వేసుకుంటారు. మొదటి అంకంలో తెల్లగా పీలగా ఉన్న పిల్ల రెండో అంకానికి నల్లగా బొద్దుగా తయారైనా, మూడో అంకంలో జానెడు పొడుగు పెరిగినా జనం కిమ్మనరు. ఎదిగే పిల్ల కదా అనుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటారు.

కోటిరత్నం ఆ మధ్యలో బొద్దుగా ఉండే రాకుమారి. చిలకలూరిపేట నుంచి నాటకాలకి వస్తుంది. ఏ ఊరికెళ్ళినా ఆమెది రెండో వేషమే. ఇప్పుడు ఆడుతున్న ‘హేమలేఖ’ నాటకమే తీసుకోండి. ఒకటో రాకుమారి వరదలో కొట్టుకుపోయి, ముఖం కడుక్కుని ఇంటికెళ్ళి పడుకుంటుంది. రెండో రాకుమారి అడవిలో వేటగాళ్ళ గుడిసెలో పెరిగి, కట్టెలు మోసి, ఎలుగుబంటి తరిమితే పరిగెత్తి, తానెవరో తనకే తెలియక గొంతు చించుకుని ఏడుస్తుంది. మూడో రాకుమారి పట్టుచీర కట్టుకుని వస్తుంది. రాజుగారు గుర్తుపట్టి కిరీటం పెడతాడు. అంతే! కష్టాలన్నీ కోటిరత్నానివి, కిరీటం ఇంకొకరిది. న్యాయమేనా?

“ఒక్కసారి ఆ కిరీటం నెత్తిన పెట్టించుకుంటే చాలు బాబాయ్, ఇంక ఈ జన్మకేమీ అడగను,” అంది ఆ సాయంత్రం రంగు పూసుకుంటూ.

హార్మోనియం వాయించే నాగూర్ వలి నవ్వాడు. “అట్టముక్కమ్మా అది. బంగారు కాయితం అంటించింది నేనే.”

“అట్టదైతే ఏం? నా నెత్తి అసలుదే కదా!”

కంప్యూటర్లు పాడై ప్రపంచం మునిగిపోతుందన్న ఏడు వచ్చి, ఏమీ మునగలేదని తేలిపోయిన వేసవి అది. స్టేజీని బుల్లయ్య మిరప కల్లంలో వేశారు, ఎందుకంటే రాజు వేషం బుల్లయ్యది. పొలంలో నిలబడి కూలీలను కేకేస్తే పక్క ఊరి కూలీలు కూడా వచ్చేసేంత గొంతు ఆయనది. కాయలు బస్తాలకెత్తేశారు గానీ ఘాటు మాత్రం నేలనే అంటుకుని ఉంది. మంత్రిగారు తుమ్మితే సేనాపతి తుమ్మాడు, సేనాపతి తుమ్మితే మొదటి వరసంతా తుమ్మింది. తబలా అతను తుమ్ముల్ని చూసుకుని తాళం వేశాడు.

రెండో అంకం అయిపోవచ్చినా మూడో రాకుమారి మాధురి రాలేదు. అద్దంకి వైపు ఇంకో నాటకం ముగించుకుని కారులో రావాలి. చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీ మీంచి ఇల్లంత రాయి జారి రోడ్డుకి అడ్డంగా పడిందని ఇక్కడెవరికీ తెలియదు. నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ రామమూర్తి మేష్టారు. ఆయన తెర పక్కనుంచి గుసగుసగా, “కోటిరత్నం, ఇంకో పాట పాడమ్మా!” అన్నాడు.

పాడింది. ఇంకోటన్నాడు, అదీ పాడింది. తనకొచ్చిన పాటలు అయిపోతే ఎలుగుబంటి చేత మళ్ళీ తరిమించుకుంది. తరిమీ తరిమీ ఎలుగుబంటికే ఆయాసం వచ్చి, గొంగళి నెత్తిమీంచి తీసేసి, “నా వల్ల కాదు మేష్టారూ” అని చతికిలబడింది.

“ఆ జంతువుని వదిలెయ్యండయ్యా, పాపం!” అని జనంలోంచి ఎవరో అరిచారు.

తూరుపు తెల్లబడుతోంది. బుల్లయ్య కిరీటం చేత్తో పట్టుకుని మేష్టారి మీదకి వచ్చాడు. “కోళ్ళు కూస్తున్నాయండీ! జనం పొలాలకి లేచిపోయాక నా పద్యం గేదెలకి పాడుకోనా?”

మేష్టారు నుదురు కొట్టుకున్నాడు. “కోటిరత్నం, మూడో రాకుమారి కూడా నువ్వేనమ్మా. పద!”

ఆమెకి పట్టుచీర లేదు, ఉన్నదల్లా ఒంటిమీది ఆకుల వేషమే. అయినా వెళ్ళి నిలబడింది. బుల్లయ్య చెవిదగ్గర చెయ్యి పెట్టుకుని అందుకున్నాడు.

“కన్నతల్లి రావె కానలన్ విడనాడి
కరువు దీర నిన్నుఁ గాంచనిమ్ము...”

రాగం సాగదీసి కిరీటం పైకెత్తాడు. కోటిరత్నం కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే కుడిపక్కనుంచి, “నాన్నగారూ! మీ హేమలేఖను వచ్చేశాను!” అంటూ పట్టుచీర గరగరలాడించుకుంటూ మాధురి దిగింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. కారు దిగుతూనే తనని పిలిచే పద్యం వినబడింది, వేళ మించిపోతోందని ఉన్నపళంగా స్టేజీ ఎక్కేసింది.

కిరీటం గాల్లోనే ఆగిపోయింది.

“ఒరేయ్ బుల్లయ్యా! మాకు తెలియని ఈ రెండో కూతురెవత్తెరా?” అని వెనకనుంచి కేక. కల్లమంతా గొల్లుమంది.

మేష్టారు పరుగున స్టేజీ మీదికొచ్చాడు. “నా నాటకంలో రాజుగారికి ఒక్కతే కూతురు! ఒక్కతే!” అని మైకులో అరిచాడు. ఇక చూస్కోండి, నాటకం కాస్తా పంచాయితీ అయిపోయింది. ఒకాయన ఈవిడంటాడు, ఇంకొకాయన ఆవిడంటాడు. పొగాకు చుట్ట ఆర్పి మరీ ఒక పెద్దాయన లేచి, “కథ ప్రకారం ఎడమచేతికి పుట్టుమచ్చ ఉండాలిగా, అది చూడండి” అన్నాడు. అంతా సబబేనన్నారు.

టార్చిలైటు తెచ్చారు. మాధురి చేతిమీద కాటుకతో దిద్దిన మచ్చ చిక్కుడుగింజంత ఉంది. కోటిరత్నం చెయ్యి తిప్పి చూస్తే మచ్చా లేదు, గిచ్చా లేదు. దిద్దుకున్న కాటుక ఎలుగుబంటి పరుగుల్లో చెమటకి ఎప్పుడో కారిపోయింది.

“రుజువు మాధురి వైపే ఉంది మరి,” అన్నాడు మేష్టారు తలవంచుకుని.

కోటిరత్నం కిరీటం వంక ఒక్కసారి చూసింది. “ఇచ్చెయ్యండి, ఆవిడకే ఇచ్చెయ్యండి. నాకిదేమన్నా కొత్తా?” అని ఆకులు సర్దుకుంటూ వెనక్కి తిరిగింది. ఇది నటన కాదని ముందు వరసకి తెలిసిపోయింది.

“ఆగవే అమ్మాయ్!”

ముందు చాప మీంచి బుల్లయ్య భార్య వెంకటేశ్వరమ్మ లేచింది. కొంగు నడుముకి బిగించి స్టేజీ ఎక్కింది. “ఏం మేష్టారూ, పిల్ల ఎవరో తేల్చాలంటే తల్లినొక మాట అడగొద్దా?”

“నాటకంలో రాణి లేదమ్మా. పురిట్లోనే పోయింది.”

“ఎవరు పోయింది? ఆయన రాజైతే మరి నేనెవర్ని? మీ ఇష్టమొచ్చినట్టు చంపేస్తే పడుంటాననుకున్నారా?”

వెంకటేశ్వరమ్మ మాధురిని ఎగాదిగా చూసింది. పౌడరు చెదరలేదు, మల్లెపూలు వాడలేదు. తర్వాత కోటిరత్నం దగ్గరికెళ్ళి, దోక్కుపోయిన మోచెయ్యి చూసింది, జుట్టులో ఇరుక్కున్న ఆకు తీసింది.

“తప్పిపోయిన పిల్లేగా దొరకాల్సింది?” అంది జనం వైపు తిరిగి. “ఆ అమ్మాయి బంగారుబొమ్మ, కాదన్ను. కానీ ఆవిడ తప్పిపోయిందెప్పుడూ? ఇప్పుడేగా కారు దిగింది! రాత్రంతా మన కళ్ళముందు తప్పిపోయింది ఈ పిల్ల. తిండీ నీళ్ళూ లేకుండా అడవులు పట్టుకు తిరిగింది ఈ పిల్ల. మచ్చంట మచ్చ! కాటుక రాస్తే మా గేదెకీ వస్తుంది మచ్చ!”

ఈలలతో కల్లం దద్దరిల్లింది. మాధురి నడుం మీద చెయ్యేసుకుని ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వేసింది. “నేను కారులో గుర్రుపెట్టి నిద్రపోయానక్కా. కిరీటం నీదే,” అని వెనక నిలబడ్డ చెలికత్తె చేతిలోంచి వింజామర లాక్కుని ఆమె పక్కన నిలబడింది.

“మా ఆవిడ చెప్పాక ఇంక అప్పీలు లేదు,” అన్నాడు రాజుగారు. గొంతు సవరించుకుని మళ్ళీ పద్యం ఎత్తుకుని, కోటిరత్నం నెత్తిన కిరీటం పెట్టాడు. పెద్దదేమో, జారి ముక్కు దాకా దిగింది. ఏమీ కనిపించకపోయినా చప్పట్లు మాత్రం వినిపించాయి. అట్ట వాసన, జిగురు వాసన. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

“వన్స్ మోర్!” అని జనం ఒక్క గొంతుతో అరిచారు.

బుల్లయ్య చటుక్కున కిరీటం లాగేశాడు. కోటిరత్నం రెండు చేతులూ నెత్తి మీదికి పోయాయి. “అదేంటండీ, తీసేశారేంటి?” అంది బిక్కముఖంతో.

“వన్స్ మోరమ్మా!” అన్నాడు నాగూర్ వలి హార్మోనియం మీంచి. “మళ్ళీ మొదట్నించి రావాలి. వెళ్ళు, వెళ్ళి ఇంకోసారి తప్పిపో!”

ఒక్కసారి చాలన్న మనిషి ఒకటే పరుగు తీసి తెరచాటుకి వెళ్ళింది. ఎండ కల్లంలోకి వచ్చేదాకా ఊరు ఆమెను తప్పిపోనిస్తూ, మళ్ళీ వెతికి పట్టుకుంటూనే ఉంది. ఆమె తెర తొలగించుకుని వచ్చిన ప్రతిసారీ, రాజుగారు గుర్తుపట్టే లోపలే వెంకటేశ్వరమ్మ చాప మీంచి, “అదుగో, వచ్చింది మా పిల్ల!” అని అరిచేసింది.