పగడాల దిబ్బ దగ్గర జరిగింది

టాటానగర్ స్టేషన్ అవతల, పాడైన వాగన్లను తెచ్చి నిలబెట్టి బాగుచేసే సిక్‌లైన్‌లో, జగ్గారావు మోకాళ్ళు చూడని మనిషి లేడు. వాటిని చూపించింది మాత్రం జగ్గారావు కాదు, అతని జోడీ ఫిట్టరు ఆదిబాబు. టీ వేళ ఎవరైనా కొత్తవాడు కనబడితే చాలు, జగ్గారావు ప్యాంటు పైకి లాగి, "దేఖో భాయ్, మేరేకో బచానే మే ఇస్కా క్యా హాల్ హువా" అనేవాడు. రెండు మోకాళ్ళ మీదా అడ్డదిడ్డంగా ఎర్రటి గాట్లు ఉండేవి. నన్ను కాపాడబోయి వీడి గతి ఇలా అయింది చూడండని ఆదిబాబు చెబుతుంటే, విన్నవాళ్ళు జగ్గారావు భుజం తట్టేవారు. జగ్గారావు తేలు కుట్టిన దొంగలా తల వంచుకునేవాడు. దాన్ని వాళ్ళు అణకువ అనుకునేవారు.

ఆదిబాబు చెప్పే కథ చిన్నదే. రామేశ్వరం వెళ్ళినప్పుడు ఇద్దరూ సముద్రంలో పగడాల దిబ్బ చూడటానికి దిగారు. ఆదిబాబు మునిగిపోయాడు. జగ్గారావు అతన్ని పట్టుకుని, ఆ పదునైన దిబ్బ మీదుగా ఈడ్చుకొచ్చి పడవెక్కించాడు. కథలో మునిగిపోవడం వరకూ నిజం, ఆ తర్వాతదంతా అబద్ధం. అబద్ధమని తెలిసినవాడు జంషెడ్‌పూర్ మొత్తానికి ఒక్కడే, వాడేమో నోరు విప్పడు.

అసలు ఇదంతా జగ్గారావు నోటి దురద వల్ల వచ్చింది. అతని తాతలది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఊరు. ఆ మాట వరకూ నిజమే. అయితే నాలుగేళ్ళప్పుడు తండ్రి భుజమెక్కి టాటా వచ్చేసి, బాగ్‌బేడా రైల్వే కాలనీలో కుళాయి కింద స్నానం చేస్తూ పెరిగినవాడికి సముద్రం ఏం తెలుస్తుంది? ఖర్కాయి నదిలో కూడా నడుం లోతు దాటి ఏనాడూ వెళ్ళలేదు. అయినా నలుగురూ చేరితే కోతలు మొదలుపెట్టేవాడు. "మా ఇంట్లో పుట్టినోడికి ఈత నేర్పక్కర్లేదు. సేపకి ఎవులు నేర్పుతారు?" అనేవాడు. వినేవాళ్ళు సముద్రం ఎరగని బీహారీలు, పరీక్ష పెట్టేవాడెవడూ లేడు. ఆదిబాబైతే మనసారా నమ్మాడు. చెడ్డవాడు నమ్మినా బాధ లేదు. మంచివాడు నమ్మితేనే చిక్కు.

ఎనభై మూడు డిసెంబరులో ఆదిబాబు తల్లి దాలమ్మ రామేశ్వరం చూపించమంది. ఆదిబాబు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. రైల్వే పాసులు ఉన్నాయి కాబట్టి జగ్గారావు, అతని భార్య అమ్మణ్ణి కూడా తోడు బయల్దేరారు. దర్శనాలూ తీర్థ స్నానాలూ అయ్యాక సత్రంలో ఎవరో చెప్పారు, పాంబన్ దగ్గర పడవెక్కితే ఒక చిన్న దీవి పక్కన పగడాల దిబ్బ చూపిస్తారని, పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేయవచ్చని. ఆదిబాబును ఆ మధ్యే ఎవరో సిద్ధాంతి పగడపుటుంగరం పెట్టుకోమన్నాడు. "పద, ఊరికే ఏరుకొచ్చేద్దుం" అన్నాడు జగ్గారావు. పగడాలంటే అక్కడ గులకరాళ్ళలా పడి ఉంటాయని ఇద్దరి ఉద్దేశం. ఆడవాళ్ళు సత్రంలోనే ఉండిపోయారు.

పడవ నడిపేవాడు యాభై ఏళ్ళ సన్నటి మనిషి. తమిళం తప్ప మరొకటి రాదు. దీవి పక్కన లంగరు వేసి, నీళ్ళలో ఒక వెదురు గడ పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి, అది దాటి వెళ్ళొద్దని చేతులతో చెప్పాడు. కళ్ళూ ముక్కూ మూసే రబ్బరు అద్దం ఒక్కొక్కటి, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే గొట్టం ఒక్కొక్కటి ఇచ్చాడు. ఆదిబాబు వాటిని పట్టుకుని పడవలోనే కూర్చున్నాడు.

"నాకు నీళ్ళంటే బయ్యంరా. నువ్వెళ్ళి సూసొచ్చి సెప్పు, నానిక్కడే కూకుంటాను."

"నానున్నాను కదా, నీకు బయ్యమేటి? నా సెయ్యి ఒగ్గకు, సాలు."

ఆదిబాబు దిగింది ఆ ఒక్క మాట మీదే.

నడుం లోతు నీళ్ళలో దిబ్బ మీద నిలబడి, వంగి ముఖం నీళ్ళలో పెట్టగానే ఇద్దరూ ఉంగరం సంగతి మరిచిపోయారు. ఎర్రటి పగడం ఒక్కటీ లేదు. కాలీఫ్లవర్ పువ్వులంతంతవి, దుప్పి కొమ్ముల్లా చీలినవి, గోధుమ రంగువి, ఊదావి, ఎటు చూసినా అవే. రాళ్ళనుకుంటే రాళ్ళు కావు, ప్రాణం ఉన్నట్టే ఉన్నాయి. వాటి సందుల్లో పసుపూ నలుపూ చారల చేపలు, మనిషిని బొత్తిగా లెక్కచేయకుండా తమ పని తాము చూసుకుంటున్నాయి. గొట్టంలోంచి ఎవరి ఊపిరి వాళ్ళకే బుసబుస వినబడుతోంది. ఆదిబాబు జగ్గారావు చెయ్యి నొక్కి నొక్కి ఇది చూడు, అది చూడు అని చూపించాడు. భయం ఎప్పుడు వదిలిందో వదిలింది. ముప్పై ఐదేళ్ళ మనిషి పసివాడిలా సంబరపడుతుంటే జగ్గారావుకు గర్వంగా ఉంది, అదంతా తానే చేయించినట్టు. ఆ గర్వంలో ఎర్రగుడ్డ గడ ఎక్కడుందో చూసుకోలేదు.

ఉన్నట్టుండి కాలికింద దిబ్బ లేదు. గోడలా తెగిపోయి, కింద ఎంత లోతో తెలియని ముదురు నీలం. జగ్గారావు నిలబడబోయాడు, మునిగాడు, గొట్టంలోకి నీళ్ళు వచ్చేశాయి. అదే క్షణంలో ఆదిబాబు రెండు చేతులూ అతని పీక చుట్టూ బిగుసుకున్నాయి. ఇద్దరూ కిందికి పోతున్నారు. జగ్గారావు ఆ చేతులు పెరికి, కాలు మడిచి, ఆదిబాబు గుండెల మీద పెట్టి తన్నాడు. అద్దంలోంచి అంతా స్పష్టంగా కనబడింది. ఆదిబాబు నోరు తెరుచుకుని, చేతులు చాచుకుని, వెనక్కి దూరమైపోయాడు. జగ్గారావు దిబ్బ అంచు దొరకబుచ్చుకుని మోకాళ్ళ మీద పాకి పైకొచ్చాడు. తిరిగి చూడలేదు. పడవలోంచి ఎవరో దూకిన చప్పుడు మాత్రం వినబడింది.

ఆదిబాబు కళ్ళు తెరిచేసరికి పడవలో ఉన్నాడు. తల జగ్గారావు ఒళ్ళో ఉంది, జగ్గారావు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, అతని మోకాళ్ళ నుంచి రక్తం కారి పడవంతా అవుతోంది. ఆదిబాబు ఆ రక్తం చూసి తనకు తోచింది తాను అనుకున్నాడు. "నన్ను లాక్కొచ్చేసినావురా" అన్నాడు. జగ్గారావు కాదనడానికి నోరు తెరిచాడు. తడి లుంగీతో తెడ్డు వేస్తున్న పడవ మనిషి అతని వైపు చూసి తమిళంలో రెండు ముక్కలు అన్నాడు. ఏమన్నాడో అర్థం కాలేదు. కాకపోవడమే నయమనుకుని జగ్గారావు తెరిచిన నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోరు ఆరు నెలలు అలాగే ఉండిపోయింది.

టాటా వచ్చాక దాలమ్మ మర్యాదలు మొదలయ్యాయి. ఆదివారం వస్తే బూరెలు, బుధవారం వస్తే ఎండు రొయ్యల కూర, గిన్నె మీద గిన్నె. "ఈ బాబు నేకపోతే నాను బొటబొటా ఏడుత్తూ కూకుందును" అని కనబడినవాళ్ళందరితో చెప్పేది. అమ్మణ్ణి మొగుడి గొప్పకు పొంగిపోయి, గిన్నెలు కడిగి తిరిగి పంపేది. జగ్గారావు ఆ కూర అమ్మణ్ణి కంచంలోకే తోసేసేవాడు. ఒకటి రెండుసార్లు చెప్పేద్దామని కూడా చూశాడు. "ఒరే ఆదీ, ఆ రోజున..." అని మొదలుపెట్టగానే ఆదిబాబు కళ్ళు తుడుచుకుని, "ఆ రోజు మాట ఎత్తకురా, నాకు ఏడుపొచ్చేత్తాది" అనేవాడు. చెప్పకుండా ఉండటానికి అంతకంటే మంచి సాకు ఏముంటుంది. పాపం చేసినవాడు సాకు కోసం వెతుక్కోనక్కర్లేదు, ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడతారు.

జ్యేష్ఠ మాసంలో దాలమ్మ కొత్త మాట ఎత్తింది. "వచ్చే ఆదివారం అసిరితల్లి గుడికాడ మీ ఇద్దరికీ నేస్తం కట్టేత్తాను."

వాళ్ళ వైపు అదొక పద్ధతి. రక్తసంబంధం లేని ఇద్దరు అమ్మవారి ఎదట కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని, ఒకే విస్తట్లో తింటారు. అప్పటినుంచీ ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నేస్తం అనే పిలుస్తారు. పెళ్ళికీ చావుకీ అన్నదమ్ముల లెక్క. ముద్ద ఎత్తే ముందు ఇద్దరూ అమ్మవారి కుంకుమ మీద చెయ్యి వేసి, మన మధ్య దాపరికం లేదని మూడుసార్లు అనాలి.

ఆ మూడుసార్ల మాట విన్నప్పటినుంచీ జగ్గారావుకు కంటిమీద కునుకు లేదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పింది ఆదిబాబు, తాను ఊరికే విన్నాడు, అంతేనని సర్దిచెప్పుకునేవాడు. ఇప్పుడు తన నోటితో అనాలి, అదీ అమ్మవారి ముందు. అనేస్తే ఆదిబాబు జన్మంతా తనవాడు. చెప్పేస్తే ఆ ఒక్క స్నేహితుడూ పోతాడు. "ఏటయ్యా, పండగ పూట ఆ సచ్చిన మొకమేటి?" అని అమ్మణ్ణి చొక్కా అందించింది. అతను దాన్ని తొడుక్కుని గుడి దారి పట్టాడు.

గుడి అంటే కాలనీ చివర రేకుల కప్పు కింద పసుపు పూసిన రాయి. కాలనీవాళ్ళు పదిమంది చేరారు. దాలమ్మ పెద్ద విస్తరి వేసి, అన్నం, పప్పు, బూరెలు వడ్డించి, రెండు కొత్త పంచెలు పక్కన పెట్టింది. ఆదిబాబు కుంకుమ మీద చెయ్యి వేసి గబగబా మూడుసార్లు అనేశాడు. అతని ముఖం వెలిగిపోతోంది. జగ్గారావు కూడా చెయ్యి వేశాడు.

"మన మద్దెన..." అని ఆగిపోయాడు.

"సిగ్గేటి బాబూ, అనీ" అంది దాలమ్మ.

జగ్గారావు చెయ్యి తీసేశాడు. "నాను లాక్కురాలేదమ్మా. నాకు ఈత రాదు. ఎర్రగుడ్డ దాటించేసి తీసుకెల్లింది నానే. మునిగిపోతన్నప్పుడు ఈణ్ణి గుండెల మీద తన్నేసి నాను పైకొచ్చేసినాను. మోకాళ్ళు గీరుకున్నది నాను పారిపోయినప్పుడు."

ఆదిబాబు తన గుండెల మీద చెయ్యి వేసుకుని, "రాయి తగిలిందనుకున్నాను" అన్నాడు మెల్లగా.

దాలమ్మ తిడుతుందని, మట్టెత్తి పోస్తుందని జగ్గారావు ఎదురుచూశాడు. అలా చేస్తే బాగుండునని కూడా ఆశపడ్డాడు. ఆమె ఆ తన్ను సంగతే ఎత్తలేదు.

"మరయితే నా కొడుకుని తీసింది ఎవులు?"

"పడవాయన."

"ఆయన పేరేటి?"

జగ్గారావుకు తెలియదు. ఆదిబాబుకూ తెలియదు. ఆ రోజు ఒడ్డున దిగాక ఆ మనిషికి ఒక్క దండం పెట్టకుండా వచ్చేశారు.

"ఆరు నెల్ల నుంచి సెయ్యని మడిసికి బూరెలెట్టినాను. సేసిన మడిసి పేరు నాకు తెల్దు" అంది దాలమ్మ. పంచెలు మడతపెట్టి చంకలో పెట్టుకుంది. విస్తరి మాత్రం తియ్యలేదు.

ఆదిబాబు లేచాడు. "తన్నితే తన్నినావురా. సచ్చిపోతన్నప్పుడు ఎవుడైనా తంతాడు. ఆరు నెల్లు నా నోట అబద్ధం సెప్పించినావు. ఊరందరి ముందర ఎర్రోణ్ణి సేసినావు." అనేసి వెళ్ళిపోయాడు. తన్ను కంటే ఈ మాటే జగ్గారావుకు గట్టిగా తగిలింది, ఎందుకంటే దీనికి ప్రాణభయం అని చెప్పుకోవడానికి లేదు.

పదిహేను రోజులు ఇద్దరూ ఒకే వాగన్ కింద పడుకుని పనిచేశారు, పానా ఇమ్మనడానికి కూడా మాట్లాడుకోలేదు. సిక్‌లైన్‌లో అందరికీ విషయం సగం సగం తెలిసింది. ఎవరూ అడగలేదు. అది మరీ నరకంగా ఉంది.

తర్వాత చక్రధర్‌పూర్ నుంచి మహతో అనే పెద్ద మేస్త్రీ బదిలీ మీద వచ్చాడు. పాపం, ఆయనకు పాత కథే అందింది. టీ తాగుతూ, సముద్రంలో ఏదో జరిగిందటగా, చెప్పమని ఆదిబాబును హిందీలో అడిగాడు. అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆదిబాబు గడ్డంతో జగ్గారావును చూపించి, "యే బోలేగా" అన్నాడు, వీడే చెబుతాడన్నట్టు.

జగ్గారావు లేచి నిలబడ్డాడు. తన కోతల దగ్గర మొదలుపెట్టి, చెయ్యి వదలొద్దని చెప్పడం, గడ దాటడం, తన్నడం, పాకి పైకి రావడం, పేరు తెలియని పడవ మనిషి దూకడం, అన్నీ వరసగా హిందీలో చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఆదిబాబు తన పీక పట్టుకున్న సంగతి ఒక్కటే వదిలేశాడు. గుడి దగ్గరా అది చెప్పలేదు. చెబితే తప్పు తగ్గించుకున్నట్టు ఉంటుందని.

మహతో మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు ఆదిబాబు జగ్గారావుతో మాట్లాడాడు, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి.

"సగం సెప్పి ఊరుకుంటావేట్రా? ముందు నాను నీ పీక అట్టుకున్నాను. రెండు సేతుల్తోటీ. ఆ ముక్క నాకు గుర్తే. ఇన్నాళ్ళు కత సెప్పినోణ్ణి, ఎక్కడా సెప్పలేదు. నువ్వు తన్నకపోతే ఇద్దరం పోదుం." అదే మాట మేస్త్రీకి హిందీలో కూడా చెప్పాడు, ఒక్క ముక్క తగ్గించకుండా.

జగ్గారావుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచాడు. ఆదిబాబు ఆ చెయ్యి అందుకోలేదు.

"అయితే నన్ను నీళ్ళలోకి దింపింది మాత్రం నువ్వే. ఈత రాకుండా, వచ్చని సెప్పి. అది నాది కాదు, నీదే" అన్నాడు.

"నాదే" అన్నాడు జగ్గారావు.

ఆదిబాబు టీ గ్లాసు కడిగి బోర్లించి, అతని పక్కనే వచ్చి కూర్చున్నాడు.