ఊడదీసిన నల్ల తీగ

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పరదేశి తడిసిన లుంగీతోనే వచ్చి వీణ తలుపు బాదాడు. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఆమెకు పక్కిల్లు ఆయనది. వ్యాగన్ వర్క్‌షాపులో చేసి రిటైరైన నెమ్మదస్తుడు; ఇంట్లో ఆయన, భార్య బంగారమ్మ.

"బంగారమ్మని పాము కరిసింది బేటీ. ఇటుకలు తీస్తంటే కాలి మీద కరిసింది. కట్లపాము, నాను సూసినాను."

"అంబులెన్సుకి ఫోన్ చేశారా మామయ్యా?"

"సేసినాను. రోడ్డుమీద నీల్లంట, పౌన్ గంటా లగేగా, ముప్పావుగంట పడతాది అంటన్నాడు. నీ కారుందని..."

వీణ కారు వైపు చూసింది. భర్త యుగంధర్ ట్రైనింగుకని విశాఖ వెళ్లి ఆరు వారాలైంది. తను నయా రాయపూర్‌లోని ఆఫీసుకు బస్సులోనే వెళ్లొస్తుంది. కారు ఇంటి పక్కన కదలకుండా పడి ఉంది. నిరుడు ఇలాగే వదిలేస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఉన్న చార్జీ కూడా పోతుందని, వారానికోసారి అరగంటైనా నడపాలని, అది కుదరకపోతే బ్యాటరీ నల్ల తీగ ఊడదీసి పెట్టమని భన్‌పురి మెకానిక్ పృథ్వీ చెప్పాడు. ఈసారి యుగంధర్ రైలెక్కిన సాయంత్రమే ఆమె ఆ తీగ విప్పేసింది. తిరిగి బిగించడం మాత్రం ఇదే మొదలు.

"అత్తమ్మని నడవనివ్వకండి. కాలు కదపనివ్వకండి."

"మంత్రమేసే బైగాని పిలుద్దారంటన్నారు వాకిట్లో వోల్లు."

"ఎవరినీ వద్దు మామయ్యా. ఆసుపత్రికే."

తీగ విప్పి ఉంటే రిమోట్ పనిచెయ్యదని గుర్తొచ్చి తాళంచెవితోనే కారు తలుపు తీసి, బానెట్ ఎత్తింది. పానా ఎక్కడ పెట్టిందో ఎంత వెతికినా దొరకలేదు. కటింగ్ ప్లేయర్‌తోనే తీగ బిగించి తాళం తిప్పింది. టక్కుమని ఒక్క శబ్దం. స్టీరింగ్ ముందున్న దీపాలన్నీ ఆరిపోయాయి.

అరుగు మీద బంగారమ్మ కనురెప్పలు వాలిపోతున్నాయి. "నిద్రొస్తంది" అంటోంది, మాట ముద్దగా.

చార్జీ పోలేదు, తీగకి పట్టు చాల్లేదంతే, అని తనకు తానే చెప్పుకుంటూ వీణ మళ్లీ బానెట్ దగ్గరికి పరుగెత్తింది. తీగ చివర తెల్లగా పొడి పట్టి ఉంది. వంటింటి కత్తితో గీకేసి, తీగను అడుగుదాకా నొక్కి, ఒంటి బరువంతా వేసి బోల్టు తిప్పింది. అరచేతి తోలు లేచిపోయింది.

ఈసారి ఇంజన్ బరువుగా మూలిగింది. ఇంకోసారి మూలిగి అందుకుంది.

వెనకసీట్లో పరదేశి భార్య తల ఒళ్లో పెట్టుకుని ఆగకుండా పేరు పిలుస్తూనే ఉన్నాడు. నీళ్లు నిలిచినచోట ఇంజన్ ఆగిపోతుందేమోనని వీణ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. పెద్దాసుపత్రి చేరేసరికి బంగారమ్మ పలకడం మానేసింది. స్ట్రెచర్ లోపలికి పోయాక కూడా వీణ ఇంజన్ ఆపడానికి ధైర్యం చెయ్యలేక అలాగే కూర్చుంది.

గంట తర్వాత పరదేశి వచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంజిచ్చన్లు ఇచ్చినారు. ఊపిరికి మిషనెట్టినారు. ఆలీసెం సెయ్యకుండా తెచ్చినారు అన్నాడమ్మా డాక్టరు."

అప్పుడు ఆమె తాళం వెనక్కి తిప్పింది.

మూడో రోజు మిషను తీసేశారు. ఐదో రోజు బంగారమ్మ గంజి తాగి, ఉప్పు చాల్లేదని మొగుణ్ణి కసురుకుంది.