ఫరా తలకి గోరింటాకు

ఆదివారం వచ్చిందంటే నజీమా ఇంట్లో ఇనప మూకుడు బయటికొస్తుంది. రాత్రే టీ డికాక్షన్‌లో నానేసిన గోరింటాకు పొడి, అందులో ఇంత నిమ్మరసం. ఫరాని పీట మీద కూచోబెట్టి, పాయలు తీసి, కుదుళ్ళ దాకా పట్టిస్తుంది. ఫరా ముసలిది కాదు, నజీమా కూతురు. ఆరేళ్ళు నిండాయి, ఒకటో క్లాసు.

ఆ స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ అని ఒకటి మొదలుపెట్టినప్పటి నుంచీ ఇంతే. వయసుకి మించిన పాఠం తలకెక్కినప్పుడల్లా పిల్లలకి జుట్టు తెల్లబడుతుంది. నరసరావుపేటలో దానికెవరూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. జలుబు చేస్తే ముక్కు కారదూ, అట్లాగే అనుకున్నారు. మూకుళ్ళు తోముకున్నారు.

"మా చరణ్‌కి ఫ్రాక్షన్లకి చెవుల పక్కనొచ్చింది, పర్సంటేజీలకి పాపిట్లో" అంది ఎదురింటి కరుణమ్మ. చరణ్ ఆమె మనవడు, ఫరా క్లాసే.

"జుట్టయితే కప్పుకుంటామత్తా. నిన్న తొక్కుడుబిళ్ళ ఆడుకోవే అంటే మోకాళ్ళు నొప్పులంటంది. మోకాళ్ళకేం పుయ్యాలి?" అంది నజీమా.

ఆమె భయం అదొక్కటే. జుట్టు పోతే పోయింది, పిల్ల కూడా ముసలిదైపోతుందేమోనని. మొగుడు ముజాహిద్‌కి బైకుల షెడ్డుంది. ఇంజన్‌తో అయితే ఎంతసేపైనా మాట్లాడతాడు గానీ మనుషులతో పెగలదు. "నువ్వే అడుగు, నేను పక్కనుంటా" అన్నాడు.

పేరెంట్స్ మీటింగ్ రోజు పొద్దున్నే నజీమా ఒక తెలివితక్కువ పని చేసింది. నలుగుర్లోకి పోతున్నాం గదా, పిల్ల నీటుగా ఉండాలని మళ్ళీ గోరింటాకు పెట్టింది. మంచి చీర కట్టుకోవడం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే ఆ వీధి వాళ్ళకి. అందరూ పిల్లలకి పెట్టే తీసుకొచ్చారు.

"సార్, ఒకటో క్లాసు పిల్లకి ఆరో క్లాసు లెక్కలేందండీ? వాళ్ళ వయసుకి తగ్గట్టు చెప్పండి. జుట్టు నెరిసిపోతంది" అంది నజీమా మీటింగులో లేచి.

ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు. ఓపిగ్గా కుర్చీలోంచి లేచి వరసలన్నీ చూశాడు. ఎర్రగా నిగనిగలాడే తలకాయలు. "ఎక్కడమ్మా నెరిసింది? ఒక్కరికి చూపించండి."

నజీమా తన వేళ్ళకంటిన ఎరుపు చూసుకుని, చేతులు కొంగులో దాచుకుంది. తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది.

గేటు బయట ఒప్పందం చేసుకున్నారు. వచ్చే మీటింగ్ దాకా ఎవరూ గోరింటాకు ముట్టకూడదు. కరుణమ్మే అందరికంటే గట్టిగా తలూపింది.

ఆదివారాలు మూకుడు బయటికి రాలేదు. ఎరుపు వెలిసి, తెలుపు బయటపడింది. నజీమా జడలు వేస్తూ ఏడ్చేది. "ఏడవకమ్మీ, అన్నీ సర్దుకుంటయ్‌లే" అనేది ఫరా. ఆ ఓదార్పుకే ఇంకా ఏడుపొచ్చేది.

మీటింగ్ రోజొచ్చింది. నజీమా హాల్లోకి పోయేసరికి తలలన్నీ మళ్ళీ ఎర్రగా ఉన్నాయి.

"ఏంది అత్తా ఇది?"

కరుణమ్మ మొహం చాటేసింది. "ఏం చెయ్యమంటావే. క్లాసులో వాడ్ని తాతయ్యా అంటన్నారంట. నా కోడలు ఒప్పుకోలా."

ఇక మిగిలింది ఫరా ఒక్కతే. రెండు తెల్లటి జడలు, వాటికి నీలం రిబ్బన్లు. ప్రిన్సిపాల్ ఆ తల చూడగానే చటాక్కున లేచి నిలబడ్డాడు. తన కుర్చీ ఆమె వైపు జరిపి "కూర్చోండమ్మా" అన్నాడు. ఆయన నోటెంట అట్లా వచ్చేసింది. ఫరా వెళ్ళి కూచుంది. కాళ్ళు నేలకి అందలేదు.

"చూడండి సార్, ఇప్పటికైనా..." అంది నజీమా.

"చూస్తున్నానమ్మా. ఎంత పెద్దరికం వచ్చిందో. మీ అమ్మాయికి రెండో క్లాసు దండగ. నేరుగా మూడుకి పంపిద్దాం."

హాలంతా చప్పట్లు కొట్టారు. కరుణమ్మ కూడా కొట్టింది. ముజాహిద్ అప్పుడే నోరు తెరిచాడు. "టీసీ ఇవ్వండి సార్" అన్నాడు.

మర్నాడు మున్సిపల్ స్కూల్లో చేర్పించారు. అక్కడి టీచరు ఫరా తల చూసి ఏమీ అడగలేదు. "ఈ క్లాసులో పద్యాలూ, బొమ్మలూ, ఆటలేనమ్మా. భయపడబాకండి" అంది. నజీమా గుండెల మీది బరువు దిగింది. కానీ ఇల్లు చేరబుద్ధి కాక, ఆటల బెల్లు కొట్టేదాకా గేటు దగ్గరే నిలబడింది.

పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చి తొక్కుడుబిళ్ళకి గళ్ళు గీశారు. ఒక బుడ్డది పరిగెత్తుకొచ్చి ఫరా చెయ్యి పట్టుకుని లాగింది. ఫరా నవ్వింది. మోకాళ్ళ మీద చేతులానించుకుంటూ మెల్లిగా మెట్టు మీద కూలబడింది. ఆ బుడ్డదాని రిబ్బను జారితే సరిచేసి, తల నిమిరింది.

"మీరు ఆడుకోండి తల్లీ. నేను ఇక్కడ కూచుని చూస్తంటా."