కట్ట లేని నీళ్ళు

మా కోడలు విజయశ్రీ పుట్టిల్లు చీరాల దగ్గర వాడరేవు. సముద్రం ఒడ్డునే పుట్టింది, ఆ ఇసుకలోనే పెరిగింది. నాచారంలో మా ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయినా ఎండాకాలం మొదలైతే చాలు, కూలర్ ముందు కూర్చుని కొంగుతో విసురుకుంటూ, "ఈ పాటికి మా ఊళ్ళో సముద్రపు గాలి మొదలయ్యుంటుంది అత్తమ్మా" అంటుంది. మా ఆయన బాలనర్సింహ ఊరుకునే రకం కాదు. "ఆ గాలిని ఓ సంచిల గట్టి పార్సిల్ జెయ్యమను మీ అమ్మను" అంటాడు. అమ్మాయి నవ్వుతుంది. నవ్వుతుంది గానీ, ఆ నవ్వు వెనక ఒక బాధ ఉందని నాకు తెలుసు.

ఆ బాధ ఏమిటో చెప్పాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా వైపు చెరువు ఉందంటే కట్ట ఉంటుంది, కట్ట ఉందంటే దాని మీద కట్టమైసమ్మ ఉంటుంది. నీళ్ళను కాచే తల్లి ఆమె. మా ఇంట్లో పిల్లలెవరైనా మొదటిసారి ఒక చెరువులో దిగాలంటే, ముందు పెద్దవాళ్ళు ఆ తల్లికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పిల్ల పేరు చెప్పాలి. "ఫలానావాళ్ళ బిడ్డ, పేరు ఇది, నీ నీళ్ళల్ల దిగుతుంది, సూసుకో తల్లీ" అని. చెప్పకుండా దిగనివ్వరు. మా ఆయనకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆయన తమ్ముడు బాలరాజు చిన్నప్పుడు ఎవరిదో పెళ్ళికి వేరే ఊరు పోయి, ఆ ఊరి చెరువులో ఈతకు దిగి, మళ్ళీ పైకి రాలేదు. మా అత్త బతికినన్నాళ్ళూ ఒకటే అనుకుంటూ ఏడ్చేది, నా కొడుకు పేరు చెప్పేవాళ్ళు లేకపోయిరి అని.

అందుకని మా మనుమరాలు పూర్ణిమ ఏటా సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోతుంది గానీ సముద్రంలో కాలు పెట్టదు. ఒడ్డున ఇసుకలో గూళ్ళు కట్టుకుని వచ్చేస్తుంది. తాత పెట్టిన షరతు అది. మా కొడుకు సాయి కుమార్ తండ్రి మాట దాటడు. విజయశ్రీ కూడా ఎదురు చెప్పలేదు. కానీ తను చేపపిల్లలా ఈదిన నీళ్ళ ముందు తన కూతురు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడితే ఏ తల్లికి మాత్రం ఎట్లుంటుంది?

ఈ ఏడు మూడో తరగతి పరీక్షలు అయిపోగానే పూర్ణిమ తాత ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తాతా, నువ్వు వచ్చి నా పేరు జెప్పవు, నన్ను దిగనియ్యవు. గిదేం న్యాయం?"

మా ఆయన నావైపు చూశాడు. నేనేమో చింతపండులో గింజలు తీస్తున్నట్టు తల వంచుకున్నా.

"సరే, వస్త. నేనే వచ్చి జెప్త. ఇగ అయ్యిందా?" అన్నాడు.

అంతే, పిల్ల గంతులు! విజయశ్రీ వాళ్ళమ్మ శారదమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, మా మామయ్యగారు కూడా వస్తున్నారే" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మా ఆయన సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, వేపమండలు సర్దుకున్నాడు. "వాడరేవుల యాప చెట్లుండవా తాతా?" అని పిల్ల ఎగతాళి చేస్తే, "ఉంటే ఉంటయ్. ఇవి మనయి" అన్నాడు.

చర్లపల్లిలో రైలు ఎక్కాం. ఆ స్టేషన్ చూస్తే ఇది చర్లపల్లేనా అనిపించింది. అద్దాలు, మెరిసే నేల, కదిలే మెట్లు. ఒకప్పుడు ఆ దారిలో బర్రెలను తోలుకుపోయాం మేము. ఆ కదిలే మెట్ల మీద మా ఆయన మొదట కాలు పెట్టలేదు. "దీనికి గూడ పేరు జెప్పాల్నా నాయినా?" అని కొడుకు అడిగితే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

చీరాలలో దిగి వాడరేవు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శారదమ్మ పచ్చి జీడిపప్పు కూర, రొయ్యల ఇగురు వండి పెట్టింది. ఆ రుచి నేను చెప్పలేను. మా ఆయన మారు అడిగి మరీ తిన్నాడు. ఎండ చల్లబడ్డాక సముద్రానికి నడిచాం.

పెళ్ళి మా నాచారంలోనే అయింది కాబట్టి, ఇంతకు ముందు నేను సముద్రాన్ని టీవీలోనే చూశాను. టీవీలో చూసింది ఏం చూడటం! సరుగుడు చెట్ల మధ్య నుంచి ఇసుక దారి. ముందు ఆ హోరు వినిపిస్తుంది, పెద్ద వాన దూరం నుంచి వస్తున్నట్టు. తర్వాత గాలి ముఖానికి తగులుతుంది, ఉప్పగా. ఆ తర్వాత చెట్లు అయిపోతాయి, ఎదురుగా ఇంక అన్నీ నీళ్ళే. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలైనాయో తెలియదు. ఒక అల వస్తుంది, విరుగుతుంది, నురగ కాళ్ళ దాకా పాకి వెనక్కి పోతుంది. అది పోకముందే ఇంకొకటి. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించా. మా కీసర గుట్ట ఎక్కి చూస్తే ఊళ్ళన్నీ కనపడతాయని మురిసిపోయేదాన్ని. ఇక్కడ చూద్దామంటే ఊరే లేదు, అంచే లేదు.

పూర్ణిమ అప్పటికే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. "తాతా, జెప్పు!"

మా ఆయన సంచి పట్టుకుని కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

"కట్ట ఏడున్నదే?" అని నన్నడిగాడు.

"నాకేం దెల్సు? నేనూ నీతోనే వస్తి గద."

చేపల వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఒడ్డున ఇసుక మీదే ఉన్నాయి. ఒక పడవ నీడలో ఒకాయన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మా ఆయన అతని దగ్గరికి పోయాడు.

"అన్నా, ఈ నీళ్ళకు కట్ట ఏ దిక్కున్నది? మైసమ్మ గుడి ఏడున్నది?"

అతను వల వదిలి నవ్వాడు. "భలేవోరండీ పెద్దాయనా! సముద్రానికి కట్టేంటండీ, ఎవరు కడతారండీ దీనికి?"

"మరి నీళ్ళను కాసేటి తల్లి?"

"గంగమ్మ తల్లండీ. ఎక్కడో లేదు, ఇదిగో, ఈ కనపడేదంతా ఆమేనండి."

మా ఆయన సంచి చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

"కాదు బిడ్డా, ఇయ్యాల కాదు" అన్నాడు పిల్లతో. "ఈ గంగమ్మకు నేనెవరో ఎర్కలేదు. ఎర్కలేని నీళ్ళల్ల నిన్ను ఎట్ల దించాలె?"

పిల్ల ఏడవలేదు. అది ఏడిస్తే బాగుండేది. చెప్పులు మళ్ళీ వేసుకుంది. విజయశ్రీ ముఖం అటు తిప్పుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది.

తర్వాతి రోజుల్లో మమ్మల్ని ఊరంతా తిప్పింది అమ్మాయి. అలిగినట్టు కనపడనివ్వలేదు. లైట్ హౌస్ చూపించింది. బాపట్లలో భావనారాయణ స్వామి గుడికి తీసుకుపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆ రాతి స్తంభాల మధ్య కూర్చుంటే కుండ నీళ్ళలో కూర్చున్నట్టే ఉంది. దారి పక్కన తాటి ముంజలు కొట్టించి ఇచ్చింది. జీడిమామిడి పండు మొదటిసారి తిన్నాం. గింజ పండు కింద వేలాడటం చూసి, "దేవునికి లోపల పెట్టుడు యాది లేదేమో" అన్నాడు మా ఆయన.

అన్నిటికంటే ఆయనకు నచ్చినవి చినగంజాం ఉప్పు మడులు. వరి మడుల్లాగే గట్లు, కాలువలు, మడి నుంచి మడికి నీళ్ళు. పంట మాత్రం ఉప్పు! తెల్లగా కుప్పలు కుప్పలు పోసి ఉంది. కాలితో గట్టు తొక్కి గట్టిదనం చూశాడు. అక్కడ పని చేస్తున్న ఆడవాళ్ళతో ముచ్చట పెట్టాడు. "ఎండ ఎంత గొడితే అంత పంటనంట కృష్ణమ్మా! మనం ఎండను తిట్టుకుంట ఎవుసం జేస్తిమి. వీళ్ళు ఎండనే పండిచ్చుకుంటున్నరు" అని ఆ రోజంతా అదే మాట. సాయి కుమార్ ఫోన్ ఇస్తే, ఉప్పల్‌లో ఉన్న దోస్తులకు ఆ కుప్పల ఫోటోలు పంపించుకున్నాడు.

అన్నీ మెచ్చుకున్నాడు. గాలిని మెచ్చుకున్నాడు, కూరల్ని మెచ్చుకున్నాడు, శారదమ్మ ఇంటి ముందు ముగ్గును కూడా మెచ్చుకున్నాడు. సాయంత్రం సముద్రానికి పోదామంటే మాత్రం మోకాలు నొప్పి వచ్చేది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే పూర్ణిమ లేచి, ఒక్కసారి చూసి వస్తానని వాళ్ళమ్మను అడిగింది. అందరం పోయాం. ఎండ ఇంకా రాలేదు. నీళ్ళ మీద లేత ఎరుపు, తడి ఇసుక మీద చిన్న చిన్న పీతలు ఇటు నుంచి అటు పరుగులు. ఆ అందం చూసి నాకు కడుపు నిండిపోయింది. పిల్ల అలలు వచ్చే చోటికి ఒక్క అడుగు ఇవతల ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది.

అది చూసి విజయశ్రీ ఇంక ఆగలేకపోయింది.

"మామయ్యా, నేను ఈ నీళ్ళలోనే పెరిగాను. మా అమ్మ పెరిగింది. నా కూతురు దిగితే ఏమవుతుంది? నన్ను నమ్మరా మీరు?"

"నిన్ను నమ్ముత బిడ్డా. నిన్ను నమ్మకుంటే ఇంత దూరం వస్తనా? నీళ్ళను ఎట్ల నమ్మాలె? మైసమ్మయితే మా తాతల కాన్నుంచి మమ్మల్ని ఎరుగు. ఈ తల్లికి నేను పరాయోణ్ణి. పరాయోడు జెప్తె ఇంటదా?"

ఆయన గొంతులో పట్టుదల లేదు. భయం ఉంది. బాలరాజు ముఖం ఆయన కళ్ళ ముందు ఆడుతున్నట్టే ఉంది. విజయశ్రీకి కూడా అది తెలిసింది కాబోలు, పోయి పిల్ల పక్కన నిలబడింది. నాకు మాత్రం ఆ 'పరాయోడు' దగ్గర మనసు ఆగింది.

"ఏమయ్యా," అన్నా, "ఈ పిల్ల లగ్గమై మన ఇంటికి వచ్చినప్పుడు చెరువుకాడ మైసమ్మకు ఈమె పేరు ఎవరు జెప్పిన్రు?"

"నువ్వే జెప్పినవ్."

"ఆమెకేం నోరు లేదా? ఆమెనే జెప్పుకోకపోయిందా?"

"పిచ్చిదాన్లెక్క అడుగుతున్నవ్. కొత్తగ వచ్చినామె ఎట్ల జెప్తది? ఊరోళ్ళు జెప్పాలె."

"మరి ఈడ ఊరోళ్ళెవరు?"

మా ఆయన శారదమ్మ వైపు చూశాడు. శారదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సాయి కుమార్ నవ్వలేదు, తండ్రినే చూస్తున్నాడు. ఒక అల వచ్చి మా అందరి కాళ్ళూ తడిపి పోయింది. మా ఆయన కాళ్ళు కూడా తడిశాయి. ఆయన వెనక్కి జరగలేదు.

సంచి తీసి కోడలికి ఇచ్చాడు.

"ఇంద బిడ్డా. నీ ఊరు, నీ తల్లి. నువ్వే జెప్పు."

విజయశ్రీ ఆ సంచి అందుకోవడం మీరు చూడాల్సింది. పెళ్ళినాడు కూడా ఆ పిల్ల ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. కొబ్బరికాయ కొట్టింది, పసుపు కుంకుమ నీళ్ళలో వదిలింది, మా నాచారం వేపమండలు అల మీద పెట్టింది. చేతులు జోడించింది.

"అమ్మా గంగమ్మ తల్లీ, నేను శారదమ్మ కూతుర్ని, విజయశ్రీని. ఇది నా కూతురు పూర్ణిమ. నీ నీళ్ళలో దిగుతోంది. చూసుకో తల్లీ."

"నా పేరు గూడ జెప్పు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"వీరు మా మామగారు. పేరు..." అని ఆగిపోయింది. మామ పేరు కోడలు నోట పలకడం మా ఇళ్ళల్లో లేదు. నేనే ఇన్నేళ్ళలో ఆయన పేరు పైకి అనలేదు, రాయమంటే రాస్తున్నా గానీ.

"అయ్యో, వదినగారూ, ఎట్లాగండీ ఇప్పుడు?" అంది శారదమ్మ.

"ఏం గాదు, అను బిడ్డా," అన్నాడు మా ఆయన. "పేరు దాసుకోని మునిగేకంటె నయ్యం గద!"

"బాలనర్సింహ గారు, తల్లీ" అంది గబగబా, నాలుక కరుచుకుని.

పూర్ణిమ కేక వేసి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే ఇంత ఎత్తు అల వచ్చింది. అంతే, ఇన్నేళ్ళు ఎదురుచూసిన పిల్ల అంతకంటే పెద్ద కేక వేసి వచ్చి నా చీర కుచ్చిళ్ళలో దూరింది! "వద్దు నానమ్మా, గది నన్ను గుంజుతుంది!"

విజయశ్రీ వచ్చి దాని చెయ్యి పట్టుకుంది. "ఎదురుగా నిలబడకమ్మా. ఇట్లా పక్కకి తిరుగు. కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టు. అల రాగానే ఎగురు. కాళ్ళ కింద ఇసుక జారుతుంది, జారనీ, భయపడకు." ఒక అల వచ్చింది, ఇద్దరూ ఎగిరారు. ఇంకొకటి వచ్చింది. మూడో దానికి పిల్ల నవ్వు ఆ హోరులో కూడా వినపడింది. నేను ఎన్ని జాతరలు చూశానో, ఎన్ని పండుగలు చూశానో, తల్లీ కూతురూ అలా ఎగరడం అంత ముద్దుగా ఏదీ లేదు.

మా ఆయన పంచె మోకాళ్ళ పైకి దోపుకున్నాడు. నొప్పి ఎటు పోయిందో! నీళ్ళలోకి నడిచి కోడలి ముందుకు చెయ్యి చాపాడు.

"నాకు గూడ సూపియ్యి బిడ్డా. ఎటు తిరగాలె?"

"ఇటు మామయ్యా. నా వైపు."

సాయి కుమార్ ఒడ్డు మీద నుంచి అరిచాడు. "నాయినా, రైలు టైమైతుంది! బయటికి రా!"

ఆయన వెనక్కి కూడా తిరగలేదు. ఒక చేత్తో కోడలిని, ఇంకో చేత్తో మనుమరాలిని పట్టుకుని, ఎదురుగా లేస్తున్న నీళ్ళనే చూస్తూ అన్నాడు.

"ఆగురా, ఇంకొక్కటి రానియ్యి."